ఆకలి జ్ఞాపకమును అతిభోజనమును

తిండిని గూర్చిన నిందావాక్యములకు తెనుగున కొదువ లేదు. ఎక్కువగా తినువానిని తిండిపోతందుము. పనికి వంగక పంక్తికి ముందు కూర్చుండువానిని తిండికి తిమ్మరాజు, పనికి పోతురాజని వెక్కిరింతుము. ఒకపూట తినువాడు యోగి, రెండుపూటలు తినువాడు భోగి, మూడుపూటలు తినువాడు రోగియని ఎదుటివాని విస్తరి చూచి లెక్క కట్టుదుము. పురాణములును మనకీ చూపునే అలవాటు చేసినవి. బండెడన్నము తినుటచేత బకాసురుడు రాక్షసుడయ్యెను. ఆ బండియన్నమునే వానికి దక్కనీయక తాను తినిన భీముడు మెప్పు పొందెను. కుంభకర్ణుని భోజనము పిల్లలకు భయమును, ఘటోత్కచుని భోజనము పెద్దలకు నవ్వును పుట్టించుచున్నవి. 1957లో వెలువడిన 'మాయాబజారు' చిత్రమున ఎస్.వి. రంగారావు పెండ్లివంటకములన్నిటిని ఒక్కడే ఆరగించు ఘట్టమును చూచి నవ్వని తెనుగిల్లు అరుదు. ఈ కథలలో తినువారందరును ఆకలిగొని తినిరి, వెలుగులో తినిరి, తిని తృప్తిపడిరి.

ఇచ్చట చెప్పదలచినది ఆ జాతి తిండి గాదు. పగలంతయు మితముగా తిని, మారు వడ్డింపబోగా విస్తరిపై చేయి అడ్డుపెట్టిన మనిషి, ఇల్లు మాటుమణగిన పిమ్మట వంటయింటిలోనికి పోయి, దీపమైన వెలిగింపక, నిలుచుండియే, చద్దియన్నము మొదలు డబ్బాలోని అప్పచ్చుల వరకు చేతికందినదెల్ల గబగబ తినుట. రుచి తెలియకున్నను ఆపలేకపోవుట. కడుపు నొచ్చిన తరువాత గాని చేయి నిలువకుండుట. ఆ మీదట తన్ను తానసహ్యించుకొనుచు, గిన్నెలు కడిగి యెప్పటిచోట బెట్టి, ఏమియు నెరుగనట్లు పండుకొనుట. ఇట్టిది వారమునకొకమారైనను మూడు నెలలపాటు జరిగినచో వైద్యులు దానిని వ్యాధిగా నెంచుచున్నారు. అమెరికా వైద్యుడు ఆల్బర్ట్ స్టంకర్డు 1959లో దీనిని వర్ణించెను. అచ్చటి మానసికవైద్యసంఘము 1994లో తన రోగనిర్ణయగ్రంథమున అనుబంధముగా చేర్చి, 2013లో ప్రత్యేకవ్యాధిగా అంగీకరించెను. స్టంకర్డు వ్రాసిన నాటినుండి యీ యంగీకారమునకు అర్ధశతాబ్దము దాటినది.

మన భాషలో దీనికి వేరు పేరు లేదు. తిండిపోతుతనమను పాతముద్రనే దీనిమీదను వేయుచున్నాము. ఆ ముద్ర తప్పుడు ముద్ర యని నా యభిప్రాయము. ఈ తిండికి మూలము నాలుకపై నుండు చాపల్యము కంటె ముందెప్పుడో పడిన పస్తు, ఆ పస్తుతో గూడి వచ్చిన సిగ్గు. ఈ సంగతిని గ్రహించుటకు సీమల శాస్త్రము కొంత తోడ్పడును. మన నేల చరిత్రయు అంతకు తక్కువగా తోడ్పడదు. పస్తును, దాని వెనువెంట సమృద్ధిని ఒక్క మనుష్యుని యాయుష్కాలములోనే చూచిన సీమ యొకటి మనకు దగ్గరనే కలదు. అది మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడల సీమ.

అచ్చటికి పోవుటకు ముందు మన వైద్యశాస్త్రమును గూర్చి యొకమాట చెప్పవలెను. ఎంత తినినను తృప్తి లేని స్థితిని ఆయుర్వేదము భస్మకమని పిలిచి, జఠరాగ్ని మితిమీరుటయే కారణమని చెప్పినది. అది శరీరమును గూర్చిన మాట. అయితే చరకసంహితలోని విమానస్థానమున, కడుపును మూడు పాళ్లుగా విభజించి మూడవపాలు ఖాళీగా నుంచుకొమ్మని చెప్పిన యధ్యాయముననే మరియొక సంగతి కలదు. చింత, శోకము, భయము, క్రోధము గలవాడు మితముగా పథ్యమే తినినను అది జీర్ణము కాదని అచ్చట చెప్పబడినది. కడుపునకును మనస్సునకును గల పొత్తు మన పూర్వులకు తెలియనిది గాదు. మనమే దానిని మరచి తిండినంతయు శీలమునకు ముడివేసితిమి.

ఇక ఆ సీమ సంగతి. మిర్యాలగూడ, నైజాము రాజ్యమున నల్లగొండ జిల్లాలోని యొక తాలూకా. దక్షిణమున కృష్ణ పారుచుండును. వాడపల్లి యొద్ద మూసీ వచ్చి కృష్ణలో గలియును. రెండు నదుల నడుమ నున్న నేలయని పేరేగాని, నీరు లోతున పారుచుండగా పొలములు గట్టున నెండుచుండెడివి. ఏటి ప్రక్కన నుండియు దప్పిగొన్న నేల యది. మెట్టపంటలే దిక్కు: జొన్న, సజ్జ, కంది, ఆముదము. చెరువుల క్రింద కొంత వరి పండెడిది గాని ఆ చెరువు క్రింది భూమి యెవరి చేతులలో నుండెడిదో నైజాము తెలంగాణ నెరిగినవారికి చెప్పనక్కరలేదు. సామాన్యుని యింట ఉదయము అంబలి, రాత్రి జొన్న గటక. వరియన్నము పండుగనాడు, పెండ్లినాడు, చుట్టము వచ్చిననాడు. పిల్లలు పండుగలను తిథులతో గాక బువ్వతో గుర్తు పెట్టుకొనెడివారు.

ఆ గటకయైనను ఏడాది పొడుగున నుండెడిది గాదు. పాతగింజ తరిగి క్రొత్తగింజ రాని నెలలలో దొరయింటికో షావుకారింటికో పోయి నాగుకు గింజలు తెచ్చుకొనుటయు, కళ్లములో మొదట ఆ యప్పు కొలిచి పెట్టుటయు వాడుక. వెట్టికి పోయినవాడు దినమంతయు పరుల పొలములో చాకిరి చేసి రిత్తచేతులతో నింటికి వచ్చెడివాడు. రెండవ ప్రపంచయుద్ధకాలమున నైజాము ప్రభుత్వము లెవీ పేరిట ధాన్యము వసూలు చేయసాగెను; పెద్ద భూస్వాములు తప్పించుకొనగా ఆ బరువు చిన్నరైతుపై బడెను. 1946 మొదలు 1951 వరకు నల్లగొండ జిల్లాలో నడచిన సాయుధపోరాటమునకు భూమి, వెట్టి, లెవీ యను మూడును కారణములని చరిత్రకారులు వ్రాయుదురు. ఆ మూడింటి వెనుకను ఖాళీకుండ యొకటి యుండెనని చేర్చుకొనవచ్చును.

కృష్ణ కావలియొడ్డున గుంటూరుసీమ యనుభవము ఇంకను ఘోరము. నందననామ సంవత్సరమున, అనగా 1832-33లో, కుంఫిణీవారి యేలుబడిలో వచ్చిన కరువున ఆ జిల్లాలోని సుమారు అయిదు లక్షల జనములో లక్షన్నరకు పైగా మడిసిరి. మరల ధాతనామ సంవత్సరము మొదలు 1876-78లో దక్షిణదేశమంతటిని కాల్చిన కరువు వచ్చెను. అప్పుడు కరువుపనుల కూలిని నిర్ణయించుటకు వచ్చిన సర్ రిచర్డు టెంపుల్, దినమంతయు మట్టి మోయు మగవానికి ఒక పౌను ధాన్యము, అనగా మన నేటి లెక్కకు నాలుగువందల యేబది గ్రాములు, దానిపై ఒక అణా చాలునని తీర్మానించెను. స్త్రీలకును పిల్లలకును అంతకంటె తక్కువ. ఆ కూలితో మనిషి బ్రతుకలేడని మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిష్ గట్టిగా వాదించెను. ఎంత తిండి పెట్టిన మనిషి చావకుండునని ప్రభుత్వము తూకము వేసి చూచిన దినములవి. చావకుండ మిగిలినవారి మనస్సేమయ్యెనని అడిగినవారు అరుదు.

కరువు మిగిల్చిన మనస్సు జాడలు మన భాషలోనే కనబడుచున్నవి. కరువులో అధికమాసమందుము. ఆవురావురుమని తినువానిని చూచి కరువుకాలమున పుట్టినవాడా యందుము. ఈ రెండవమాట పరిహాసముగా పుట్టినదైనను దానిలో నిజమున్నది. నేటి పండితులు గ్రంథముల కెక్కించినదానిని మన యవ్వలు ఒక్క వెక్కిరింతలో నిమిడ్చిరి.

ఇచ్చట నొక భేదమును మరువరాదు. మెట్టపల్లెలలో ఏడాదికి నాలుగుదినములు వరియన్నము దొరకినప్పుడు జనులు పొట్ట పగులునట్లు తినెడివారు. అది వ్యాధి కాదు. ఆ తిండికి ఒక దినము, ఒక వేళ, ఒక పంక్తి యుండెను. తినువాడు నవ్వుచు తినెను. వడ్డించువాడు కొసరుచు వడ్డించెను. మరునాడు మరల గటకయే. సిగ్గు ఆ పంక్తిలో లేదు. పండుగభోజనమును రహస్యభోజనమును ఒక్కగాట కట్టుట చేతనే మన తిట్లు గురితప్పుచున్నవి. పంక్తి పోయి, వేళ పోయి, సిగ్గు వచ్చి చేరినప్పుడు అదే యన్నము మరియొక పని చేయును.

ఆకలి మనస్సును మార్చునను సంగతిని మన కవులెరుగుదురు. కాశిలో భిక్ష దొరకక వ్యాసుడంతటివాడు పుణ్యక్షేత్రమును శపింపబోయిన కథను శ్రీనాథుడు తెనుగున చెప్పియున్నాడు. వేదములు విభజించిన చేయి ఖాళీ భిక్షాపాత్రకు కోపగించినది. ఆ కథలో నాకు మిక్కిలి నచ్చినది అన్నపూర్ణ చేసిన పని.  ఆమె పిలిచి అన్నము పెట్టినది. ఆ తరువాతనే శివుడు మందలించెను.

కథలో చెప్పినదానిని ప్రయోగశాలలో చూచినవాడు అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయపు పండితుడు ఆన్సెల్ కీస్. 1944వ సంవత్సరపు చివర ఐరోపా యాకలితో నలుగుచుండెను. యుద్ధము ముగిసిన పిమ్మట ఆ బక్కచిక్కిన జనులకు తిరిగి తిండి పెట్టుట యెట్లో తెలిసికొనవలెనని, యుద్ధము చేయుట తమ మతమునకు విరుద్ధమని సైన్యమున చేరని యువకులలో ముప్పదియారుగురిని కీస్ ఎన్నుకొనెను. వారందరు ఆరోగ్యవంతులు, చదువుకొన్నవారు, తమంత తాము ముందుకు వచ్చినవారు. పండ్రెండు వారములు వారికి మామూలు భోజనము పెట్టి, 1945 ఫిబ్రవరి మొదలు ఇరువదినాలుగు వారములు దానిని ఇంచుమించు సగమునకు తగ్గించిరి. రొట్టె, ఉర్లగడ్డ, క్యాబేజి, టర్నిపు దుంపలు. దానితోపాటు వారమునకు ఇరువదిరెండు మైళ్ల నడక. వారి శరీరభారములో నాలుగవపాలు తరిగిపోయెను.

దేహము చిక్కుట అందరు నెదురుచూచినదే. మనస్సునకు కలిగిన మార్పే చూపరులను కలతపెట్టెను. మతమును గూర్చియు, రాజనీతిని గూర్చియు వాదించుకొనెడి యువకులు తిండి తప్ప వేరుమాట ఆడుట మానిరి. వంటపుస్తకములు తెప్పించుకొని నవలలవలె చదువుకొనిరి. కలలలో తినిరి. ఉన్న కొద్దిపాటి తిండిని నీళ్లతో పలుచన చేసి, గంటలతరబడి నంజుకొని, పళ్లెములు నాకిరి. పొరుగువాని పళ్లెములోనిది వృథాయైనచో కోపపడిరి. నవ్వు మాసినది, స్త్రీలపై మనస్సు పోయినది, తగవులు పెరిగినవి. వారిలో నొకడు నియమము నతిక్రమించి అంగడికి పోయి తీపిపదార్థములు మెక్కి, తిరిగి వచ్చి, చేసినదెల్ల తానే చెప్పుకొని, తన్ను తానసహ్యించుకొనెను. ఆ పిమ్మట నెవరును ఒంటరిగా వెలుపలికి పోరాదని, జంటగానే పోవలెనని కట్టడి చేసిరి. దొంగతిండి తినినవాడు దొంగ గాడు, లోభి గాడు. ఆరు నెలలకు పూర్వము అతడును మన యిరుగుపొరుగు పెద్దమనిషి వంటివాడే.

అసలు వింత తరువాతిది. పస్తు ముగిసి తిండి పెంచినప్పుడు వారి యాకలి తీరలేదు. కడుపు నిండి నొచ్చుచున్నను ఇంకను కావలెనని తోచుచుండెను. కట్టడి తీసివేసినంతనే కొందరు మామూలు మనిషి తినుదానికి రెట్టింపు తినిరి. ఒకనిని ఆసుపత్రికి తీసికొనిపోయి కడుపు కడిగింపవలసి వచ్చెను. తాము తినుట నెక్కడ నాపవలెనో తమకే తెలియుట లేదని వారు చెప్పుకొనిరి. కడుపు నిండిన సంగతి కడుపునకు తెలియును, మనస్సునకు తెలియదు. ఈ ప్రయోగ వృత్తాంతమును కీస్ తన సహచరులతో గూడి 1950లో రెండు పెద్ద సంపుటములుగా ప్రకటించెను. అప్పటికి ఐరోపా కరువు తీరిపోయెను. పుస్తకము మాత్రము నేటికిని పనికివచ్చుచున్నది.

ఆరు నెలల పస్తు ఇంత చేయగా, ఏండ్ల పస్తు చేయునదేమి? కెనడా పండితురాలు జానెట్ పొలివీయు ఆమె సహచరులును రెండవ ప్రపంచయుద్ధమున పోరాడిన ముదుసలి సైనికుల నడిగి తెలిసికొన్న సంగతులను 1994లో ప్రకటించిరి. శత్రువులకు పట్టుబడి చెరలలో ఆకలితో చిక్కినవారిలో, అర్ధశతాబ్దము గడచినను, అదుపు తప్పి తినుట, పట్టుబడని సైనికులలో కంటె ఎక్కువగా కనబడెను. వారు గర్వించుటకు తగిన వీరులు. వారిని తిండిపోతులని పిలుచుటకు మనకు నోరాడునా?

పస్తు పరులు పెట్టినదైనను తాను పెట్టుకొన్నదైనను మనస్సు చేయు లెక్క యొక్కటియే. 1975లో హెర్మన్, మాక్ అను పండితులు అమెరికాలో కళాశాల స్త్రీలతో నొక చిన్నపరీక్ష చేసిరి. కొందరికి ముందుగా చిక్కని తీపిపాలు త్రాగించి, కొందరికేమియు నీయక, పిమ్మట రుచి చూచి చెప్పుడని నెపముపెట్టి, ఐస్‌క్రీము ఎదుట నుంచిరి. మామూలుగా తినువారు పాలు త్రాగినచో ఐస్‌క్రీము తక్కువ తినిరి, అది సహజమే. దేహము తగ్గించుకొనవలెనని నిత్యము నోరు కట్టుకొనువారు మాత్రము పాలు త్రాగిన తరువాత ఎక్కువ తినిరి. ఎట్లును నేటి నియమము భంగమైనది గదా, రేపటి నుండి మరల చూచుకొందమని వారి మనస్సు చెప్పియుండును. మనవారు ఈ తర్కమునకు ఏనాడో సామెత కట్టిరి: వ్రతము చెడినను ఫలము దక్కవలెను. నియమ మెంత కఠినమో, దానికి పగులు పడినప్పుడు వచ్చు వెల్లువ అంత పెద్దది. చెరువుకట్ట నెరిగిన రైతునకు ఇది వేరుగ చెప్పనక్కరలేదు.

నియమమను మాట వచ్చినది గనుక మన యిండ్లలోని నియమములను చూడక తప్పదు. కరువు దేశమునకు ఎప్పుడో వచ్చి పోవును. మన స్త్రీలకు మాత్రము కరువు ప్రతిపూటయు పంక్తి కడపట కూర్చుండి వేచియుండెడిది. మగవారు తినవలెను, పిల్లలు తినవలెను, అత్తగారు తినవలెను. ఆ పిమ్మట గిన్నెలో మిగిలినది కోడలిది. కూర లేకున్న పచ్చడి, పచ్చడి లేకున్న మజ్జిగ. కావలెనని యడిగిన, పుట్టింటివారు తిండిపెట్టి పెంచలేదా యను మాట. వంటయంతయు తన చేతులతోనే చేసి, దాని వాసన నంతయు పీల్చి, తుదకు తినుటకు సిగ్గుపడవలసిన మనిషి, మధ్యాహ్నము తలుపు మూసికొని నాలుగు ముద్దలు ఆత్రముగా మ్రింగినదనిన ఆశ్చర్యమేమి? మిన్నెసోటాలో పండితులు గోడల నడుమ కట్టిన ప్రయోగశాలను మనము వంటయింటిలో ఉచితముగా నడపితిమి.

ఇంకను కఠినమైనది వితంతువు గతి. పెద్దకులములలో భర్త పోయిన పిల్లకు, పదేండ్లదైనను సరే, ఒంటిపూట భోజనము, ఏకాదశినాడు కటికయుపవాసము, కారము తగ్గింపు, తీపికి నిషేధము. పండుగపిండివంటలు చేయుటకు ఆమె చేతులు కావలెను; తినుటకు ఆమె నోరు పనికిరాదు. ఇట్టి యింటిలో అటుకమీది బెల్లము తరిగినచో ముందుగా ఆమె మీదనే చూపు పడెడిది. ఆ బెల్లమును మడిచెంగున దాచుకొని తినిన బాలవితంతువును గూర్చి ముసలివారు నవ్వుచు కథలు చెప్పుట నేను వినియున్నాను. ఆ నవ్వు నాకేనాడును రుచింపలేదు. 1881లో రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులు తొలి వితంతువివాహము జరిపించినప్పుడు లోకము మంగళసూత్రమును మాత్రమే చూచినది. ఆ సూత్రముతోపాటు రెండవపూట భోజనము గూడ ఆ పిల్లకు తిరిగి వచ్చినదని నేను తలచెదను.

ఆకలితో సంబంధము లేని మరియొక మూలము కలదు. పిల్లవాడు పడి యేడ్చినచో చేతిలో నొక అప్పచ్చి పెట్టుదుము. భయపడి యేడ్చినను అదియే. తల్లి పనిలో నుండి చూడలేదని యేడ్చినను అదియే. జర్మనీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన వైద్యురాలు హిల్డా బ్రూక్, ఇట్టి పెంపకములో పెరిగిన బిడ్డకు ఆకలి యెట్లుండునో, దుఃఖమెట్లుండునో వేరుచేసి తెలిసికొను నేర్పు అలవడదని బోధించెను. పెద్దయైన పిమ్మట ఒంటరితనము కలిగినను, అవమానము కలిగినను, పరీక్ష తప్పినను ఆ చేయి డబ్బామీదికే పోవును. 1991లో హెదర్టన్, బౌమైస్టర్ అనువారు దీనికి మరియొక మెలిక చూపిరి. తనమీద తాను పెట్టుకొన్న కొలతలకు సరిపోలేనివాడు తన్ను గూర్చిన తలపే భరింపలేక, చేతిలోని ముద్ద తప్ప వేరేమియు కనబడని చోటికి పారిపోవుచున్నాడని వారి వాదము. తినుచున్నంతసేపు ఆ మనిషి తన్ను తాను మరచును. ముద్ద ముగియగానే తలపు మరల వచ్చును, ఈమారు సిగ్గును వెంటబెట్టుకొని.

ఇక మిర్యాలగూడకు మరలుదము. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసెను. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధి కాలువలకు నీరు విడిచెను. ఎడమకాలువ లాల్‌బహదూర్ కాలువయను పేర నల్లగొండ జిల్లా మెట్టలలోనికి ప్రవేశించెను. తరతరములు జొన్న పండిన చేలలో వరినాట్లు పడెను. ఆముదపు చెట్లుండిన చోట మడులు కట్టిరి. మిర్యాలగూడ చుట్టును వడ్లమిల్లులు ఒకదాని ప్రక్క నొకటిగా లేచి, ఆ యూరు బియ్యపు వర్తకమునకు దేశమంతట పేరుపొందెను. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వము కిలో రెండు రూపాయలకు బియ్యమిచ్చు పథకమును ఆరంభించినది. 2016లో జిల్లాలు మారగా హుజూర్‌నగర్, కోదాడలు సూర్యాపేట జిల్లాలో చేరినవి. ఆ హుజూర్‌నగర్‌లోనే 2025 ఉగాదినాడు, తెలంగాణ ప్రభుత్వము మనిషికి నెలకు ఆరు కిలోల సన్నబియ్యము ఉచితముగా నిచ్చుట ప్రారంభించెను. నాగుగింజలకై దొరవాకిట నిలుచున్న సీమలో సన్నబియ్యము తనంత తాను గడపకు వచ్చినది. ఇంతటి మార్పు మరియెచ్చట జరిగిన సంతోషింపనివాడు మనుష్యుడు గాడు.

కాని కాలువనీరు పొలమునకు వచ్చినంత వేగముగా మనస్సునకు రాదు. గటక తిని పెరిగిన అవ్వ, కాలువ వచ్చిన తరువాత పుట్టిన మనుమనికి అన్నము కలిపి పెట్టునప్పుడు, ఆ ముద్దలో తన చిన్ననాటి ఆకలిని గూడ కలిపి పెట్టును. ఇంకొక ముద్ద, ఇదిగో ఇదే కడపటిది, పారవేసిన పాపము. ఆమె ప్రేమకు భాష యదియొక్కటే. విస్తరిలో మెతుకు మిగులరాదను నియమము గింజ దొరకని కాలమున ప్రాణరక్షకమైన ధర్మము. ఆ నియమముననే పెరిగిన పిల్లవాడు కడుపు చెప్పుమాట వినుట మానుకొనును. అవ్వను తప్పుపట్టుట నా యుద్దేశము గాదు. ఆమె చూచినదానిని మనము చూచినచో మనమును అట్లే కొసరుదుము.

అవ్వ యొకవైపు కొసరుచుండగా లోకము మరియొకవైపు నోరు కట్టుమనుచున్నది. పెండ్లిచూపుల కాలము వచ్చుసరికి ఆ చేతనే పెరిగిన పిల్లను ఇంట నందరును చూపుతో తూచుచున్నారు. లావైతివి, అన్నము మానుము, రాత్రి తినకుము. తనంత తానుగా గూడ ఆ పిల్ల చేతిలోని ఫోనున సన్ననిరూపములు చూచి, కరువుకాలపు కూలివానికి టెంపుల్ కొలిచిన పౌను గింజలంతయైన తినక దినములు గడపుచున్నది. కరువు పోయి కొలత మిగిలినది. పగలు నియమము, రాత్రి వెల్లువ, మరునాడు ప్రాయశ్చిత్తముగా మరింత నియమము. చదువులకై వసతిగృహములలో నుండు పిల్లల సంగతియు నిట్టిదే. వారికి ఆకలితోపాటు ఒంటరితనమును, మార్కుల భయమును తోడగును. తల్లి పంపిన డబ్బా వారమునకు రావలసినది ఒక్కరాత్రిలో ఖాళీయగును. పిల్ల ఆ సంగతిని ఎవరికిని చెప్పదు.

చెప్పకుండుటయే యీ వ్యాధికి సగము బలము. ఇంటివారు కనిపెట్టినప్పుడు సాధారణముగా చేయునది రెండు పనులు: నలుగురిలో నవ్వుట, లేదా డబ్బాలకు తాళము వేయుట. నవ్వు సిగ్గును పెంచును, తాళము పస్తును పెంచును. ఏ రెండిటివలన వ్యాధి పుట్టినదో ఆ రెండిటినే మందుగా పోయుట యిది.

వైద్యులు చెప్పు చికిత్స వినుటకు మిక్కిలి సాధారణముగా నుండును. తగ్గించుమని మొదట చెప్పరు. ముందు వేళకు తినుమందురు: దినమునకు మూడు భోజనములు, నడుమ రెండుమారులు చిరుతిండి, మూడు నాలుగు గంటలకు మించి పస్తుండరాదు. మూడుపూటలు తినువాడు రోగియని చెప్పిన మన సామెత ఇచ్చట తలక్రిందులగును. రాత్రి యెంత తినినను మరునాడు ఉపవాసము చేయరాదు. తినినదానిని, తినునప్పటి మనస్సును వ్రాసికొనవలెను. ఏ మాట, ఏ తలపు వంటయింటిలోనికి త్రోసినదో గుర్తింపవలెను. తినకూడదని పేరు పెట్టుకొన్న పదార్థములను కొద్దికొద్దిగా, వెలుగులో, భయము లేకుండ తినుట నేర్చుకొనవలెను. మానసికవైద్యుడు గాని, ఆ శాస్త్రము నభ్యసించిన సలహాదారు గాని నెలలతరబడి తోడుండి దీనిని నడపును. ఇంటివారు చేయదగినదేమనగా, ఆ మనిషికి పంక్తిలో చోటిచ్చుట. కోడలైనచో అందరితోపాటు, వేడియన్నముండగనే. ఎంత తినినదని చూడకుండ, ఇంకను తినుమని కొసరకుండ. ఇందులో రెండవది మన యిండ్లకు మొదటిదానికంటె కష్టము.

ఇది యెన్నాళ్లకు కుదురునని యడుగువారుందురు. మిన్నెసోటా ప్రయోగములో పాల్గొన్న ముప్పదియారుగురిలో బ్రతికియుండిన పదునెనిమిదిమందిని 2003, 2004 సంవత్సరములలో పండితులు కలిసికొని యీ ప్రశ్ననే యడిగిరి. అప్పటికి వారు ఎనుబదులు దాటినవారు. తాము మరల మామూలు మనుష్యులగుటకు కొందరు రెండు నెలలు పట్టినదనియు, కొందరు రెండేండ్లు పట్టినదనియు చెప్పిరి. వారు పస్తుండినది ఆరు నెలలే.